పాత డిస్కవరీ 3లో హెచ్చరికలు వెలిగినప్పుడు ఏ వరుసలో పరీక్షించాలి

పాత ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 వాడుతున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. సస్పెన్షన్, గేర్‌బాక్సు, హిల్ డిసెంట్ (దిగుడులో వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు), హ్యాండ్ బ్రేకు హెచ్చరికలన్నీ డాష్‌బోర్డు మీద ఒకేసారి వచ్చాయనీ, షెడ్డులో చూపిస్తే లక్షల్లో ఖర్చు చెప్పారనీ, ఇప్పుడేం చేయాలో తోచడం లేదనీ అంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు, నేను నా బండికి పాటించే వరుసను ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ఈ బండి 2004 నుంచి 2009 వరకు తయారైంది. మన దేశంలో ల్యాండ్ రోవర్ అధికారికంగా అమ్మకాలు మొదలుపెట్టింది 2009లోనే. తయారీ కూడా ఆ ఏడే ఆగింది కాబట్టి, ఇక్కడ తిరుగుతున్న వాటిలో అతి కొత్తదానికి కూడా పదిహేనేళ్ళు దాటాయి. నేను రాసేది 2.7 లీటర్ల డీజిల్ ఇంజన్ ఉన్న బండి గురించి. అమెరికాలో ఇదే బండి ఎల్ఆర్3 పేరుతో పెట్రోలు ఇంజన్లతో అమ్ముడైంది. అక్కడ ఉన్న మనవాళ్ళకు ఇంజన్ భాగం తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

కావలసినవి

డీసీ వోల్టులు, 10 ఆంపియర్ల వరకు కరెంటు కొలవగల మల్టీమీటర్, కొలత టేపు, టార్చి, సబ్బు నీళ్ళు నింపిన స్ప్రే సీసా, సాకెట్ సెట్టు, రెండు గట్టి జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, ఒక నోటు పుస్తకం ఉండాలి. వీటికి తోడు ఈ బండిలోని అన్ని కంప్యూటర్లనూ చదవగల స్కానర్ కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ స్కానర్లు సాధారణంగా ఇంజన్ కోడ్లను (లోపం వచ్చినప్పుడు కంప్యూటరు నమోదు చేసుకునే గుర్తులను) మాత్రమే చదువుతాయి. సస్పెన్షన్, హ్యాండ్ బ్రేకు కంప్యూటర్లతో అవి మాట్లాడలేవు కాబట్టి, "లోపాలు లేవు" అని చూపిస్తే దాన్ని నమ్మి ఊరుకోకూడదు. సొంతంగా కొనలేనివాళ్ళు ల్యాండ్ రోవర్ చదవగల స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకసారి పూర్తి స్కాన్ చేయించి, కోడ్ల జాబితాను కాగితం మీద తీసుకుంటే చాలు.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

ఈ బండి స్ప్రింగుల మీద కాక, గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడుతుంది. జాకీ మీద ఉన్నా లేకున్నా, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా తలను గానీ చేతిని గానీ బండి కిందికి పోనివ్వకండి. ఒక గొట్టం ఊడితే రెండు టన్నులు దాటిన బరువు క్షణంలో కిందికి దిగుతుంది. సీట్ల కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని మల్టీమీటరుతో ముట్టుకోవద్దు. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ల పైపులు వదులు చేయవద్దు, అందులో డీజిలు ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుపోయేంత ఉంటుంది.

1. ముందు రాసుకోండి, తర్వాత తుడపండి

హెచ్చరిక వచ్చిన వెంటనే ఫోను తీసి డాష్‌బోర్డును ఫోటో తీయండి. అప్పుడు బండి ఎంత వేగంతో పోతున్నదో, ఇంజన్ వేడిగా ఉందో చల్లగా ఉందో, వాన పడుతున్నదో లేదో, బ్రేకు తొక్కినప్పుడు వచ్చిందో మలుపులో వచ్చిందో రాసుకోండి. స్కానరుతో కోడ్లు చదివి, వాటిని రాసుకున్న తర్వాతే తుడపండి. చాలా షెడ్లలో బండి రాగానే కోడ్లన్నీ చెరిపేస్తారు. దాంతో అసలు ఆధారం పోతుంది. మీరే పక్కన నిలబడి, చెరపకముందు జాబితా ఇమ్మని అడగండి.

ఒకేసారి పది, పదిహేను కోడ్లు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. వాటిలో ఎక్కువ భాగం "యూ" అక్షరంతో మొదలైతే, అవి కంప్యూటర్ల మధ్య మాట తెగిందని చెప్పే కోడ్లు. పది భాగాలు ఒకే రోజు పాడవడం అరుదు. వాటన్నిటికీ కరెంటు సరిగా అందకపోవడం సాధారణం.

2. బ్యాటరీ వోల్టేజీ కొలవండి

బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, తెల్లవారి తలుపు తెరవకముందే కొలిస్తే సరైన అంకె వస్తుంది. బానెట్ తెరవడానికి తలుపు తీయక తప్పదు కాబట్టి, ముందు రాత్రే బానెట్ లాక్ వదిలి ఉంచండి. బ్యాటరీ ఇంజన్ గదిలో వెనుక మూలన ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది.

కొలత 12.6 వోల్టులు గానీ అంతకంటే కొంచెం ఎక్కువ గానీ ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12కు దిగువన ఉంటే మిగతా పరీక్షలన్నీ ఆపి, బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి మళ్ళీ మొదటికి రండి. తర్వాత మీటరు ముల్లులు బ్యాటరీ మీదే ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ క్షణంలో వోల్టేజీ 10 కంటే బాగా కిందికి పడిపోతుంటే, నిలకడగా ఉన్నప్పుడు 12.6 చూపించినా ఆ బ్యాటరీకి బలం లేదు. సెల్ఫ్ తిరిగి బండి స్టార్టు అయినంత మాత్రాన బ్యాటరీ బాగుందనుకోవడమే ఈ బండి యజమానులు చేసే మొదటి తప్పు. స్టార్టరు మోటారు 9 వోల్టులకు కూడా ఇంజనును తిప్పుతుంది గానీ, అదే క్షణంలో కళ్ళు తెరుస్తున్న కంప్యూటర్లు అంత తక్కువ వోల్టేజీని ఓర్చుకోలేక లోపం నమోదు చేసుకుంటాయి. మన ఎండలకు బ్యాటరీ చల్లటి దేశాల్లో నిలిచినన్ని ఏళ్ళు నిలవదు. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీని నేను అనుమానంతోనే చూస్తాను.

ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఏసీ, హెడ్‌లైట్లు వేసి చూస్తే 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆల్టర్నేటరును గానీ దాని బెల్టును గానీ చూపించాలి.

ఎర్తు పరీక్షకు మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాకు మీద ఉంచి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టుకు మించి చూపిస్తే ఎర్తు తీగ చివర్లు తుప్పు పట్టాయని అర్థం. విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి.

బ్యాటరీ విప్పి మళ్ళీ కలిపిన తర్వాత కొత్త హెచ్చరికలు వస్తే భయపడవద్దు. ఇంజన్ స్టార్టు చేసి స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరికి పూర్తిగా తిప్పండి. బ్రేకు తొక్కి పట్టి, హ్యాండ్ బ్రేకు స్విచ్చును ఒకసారి వేసి తీయండి. కిటికీ అద్దాలు ఒకే నొక్కుతో కదలకపోతే వాటికి మళ్ళీ హద్దులు నేర్పాలి, ఆ పద్ధతి యజమాని పుస్తకంలో ఉంది.

3. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే

బండిని ఆపి, తాళాలను దూరంగా పెట్టి, తలుపులన్నీ మూయండి. నెగటివ్ తీగకూ బ్యాటరీ మొనకూ మధ్య ముందు ఒక అదనపు తీగ కలిపి ఉంచి, ఆ తీగకు సమాంతరంగా మల్టీమీటరును 10 ఆంపియర్ల గడిలో పెట్టి కలపండి. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ తర్వాతే అదనపు తీగను తీసేసి అంకె చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే సరే. అంతకు బాగా మించితే ఒక్కొక్క ఫ్యూజు పైనున్న రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తూ పొండి. ఎక్కడ సున్నా కాకుండా అంకె కనిపిస్తుందో ఆ వరుసలో కరెంటు పోతున్నట్టు. ఫ్యూజులు పీకుతూ వెతికితే, పెట్టిన ప్రతిసారీ కంప్యూటర్లు మేలుకొని లెక్క తప్పుతుంది.

మీటరు వరుసలో ఉన్నంతసేపు సెల్ఫ్ కొట్టవద్దు, మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది. బయట నుంచి బిగించిన కెమెరాలు, ట్రాకర్లు, మార్చిన స్టీరియోలు ఉంటే ముందుగా వాటినే తప్పించి చూడండి.

4. బ్రేకు లైటు స్విచ్చు

బ్రేకు పెడల్ పైన ఉండే ఈ చిన్న స్విచ్చు పాడైతే హిల్ డిసెంట్ లోపం, ప్రత్యేక ప్రోగ్రాములు ఆగిపోయాయన్న సందేశం, గేరు పార్కింగ్ నుంచి కదలకపోవడం వంటివి కనిపిస్తాయి. బండి వెనుక ఒకరిని నిలబెట్టి, పెడలును వేలితో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఇరవైసార్లు చేయండి. ఒక్కసారైనా లైటు ఆలస్యంగా వెలిగినా, వదిలాక ఆరకపోయినా స్విచ్చు మార్చండి. కొత్తదాన్ని అమర్చేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉండాలో వర్క్‌షాపు పుస్తకంలో చూసి, అలాగే చేయాలి. ఇది చవకైన భాగం, అందుకే దీన్ని ముందుకు తెచ్చాను.

5. నీళ్ళు

వానాకాలంలో మాత్రమే వచ్చే ఎలక్ట్రికల్ లోపాలకు మూలం చాలాసార్లు సన్‌రూఫ్ నీళ్ళు పోయే గొట్టాలే. సన్‌రూఫ్ తెరిచి, మూల గాడిలో ఒక కప్పు నీళ్ళు నెమ్మదిగా పోయండి. బండి కింద వెంటనే కారాలి. కారకుండా గాడిలో నిలబడితే గొట్టం మూసుకుపోయినట్టు. వేపచెట్టు కింద పెట్టే బండ్లలో పూత, ఆకు చేరి సరిగ్గా ఇలాగే అవుతుంది. మెత్తటి నైలాన్ తీగను నెమ్మదిగా దూర్చి శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలిని జోరుగా కొడితే లోపలి అతుకు ఊడి, నీళ్ళు నేరుగా డాష్‌బోర్డు వెనుకకు పోతాయి. ముందు సీట్ల దగ్గర కార్పెట్టును పైనుంచి తడిమితే పొడిగానే ఉంటుంది. దాని కింది స్పాంజిని వేళ్ళతో పిండి చూడండి. తడిగా ఉంటే కార్పెట్టు ఎత్తి, కింద ఉన్న కనెక్టర్లను విప్పి పచ్చటి తుప్పు పట్టిందేమో చూడాలి.

6. ఎయిర్ సస్పెన్షన్

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. సమస్య రెండు రకాలు: గాలి కారిపోవడం, గాలి నిండకపోవడం. ముందు ఏదో తేల్చుకోవాలి.

మొదట గాలి కారడం సంగతి. బండిని చదునైన నేల మీద మామూలు ఎత్తులో ఆపి, ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, నాలుగు అంకెలూ రాసుకోండి. ఇప్పుడు ముఖ్యమైన పని, చాలామంది మెకానిక్కులు కూడా వదిలేసేది: సస్పెన్షన్ కంప్యూటరు ఫ్యూజును తీసేయండి. అది ఏ అంకె ఫ్యూజో యజమాని పుస్తకంలోని పట్టికలో ఉంటుంది. ఆపిన బండి కూడా మధ్యమధ్య మేలుకొని, ఒక మూల దిగితే మిగతా మూడింటిని కూడా దానికి సమానంగా దించుతుంది. ఫ్యూజు తీయకపోతే ఒక్కచోట కారుతున్నా తెల్లవారేసరికి నాలుగూ దిగి కనిపిస్తాయి.

నా బండి ఒక వర్షాకాలంలో రోజూ పొద్దున్నే నాలుగు పక్కలా నేలకు అంటుకున్నట్టు కూర్చునేది. చూపించిన షెడ్డులో నాలుగు స్ట్రట్లూ (ప్రతి చక్రం దగ్గర బండిని మోసే, గాలి సంచి ఉన్న స్తంభాలు) మార్చాలన్నారు. ఫ్యూజు తీసి రెండు రాత్రులు వరుసగా కొలిచాను. మూడు మూలలు కదలలేదు, ముందు కుడి వైపు మాత్రం 38 మిల్లీమీటర్లు దిగింది. చక్రం తీసి, స్ట్రట్టు పైన గొట్టం దూరేచోట సబ్బు నీళ్ళు చల్లి టార్చి వేసి కూర్చుంటే, రెండు మూడు సెకన్లకొకసారి కందిగింజంత బుడగ లేచి పగలడం కనిపించింది. స్ట్రట్టు పాడవలేదు. గొట్టం చివర గీతలు పడి అతుకు దగ్గర గాలి తప్పించుకుంటున్నది, అంతే. ఆ మూల గాలి పూర్తిగా తీయించి, గొట్టం చివరను పదునైన బ్లేడుతో నిటారుగా ఒక సెంటీమీటరు కోసి, కొత్త అతుకుతో బిగించాక మళ్ళీ దిగలేదు.

మీరు కూడా ఇదే వరుసలో చూడండి: దిగిన మూల గొట్టం అతుకు, తర్వాత రబ్బరు సంచి మడతలు, ఆ తర్వాత ఆ ముందు లేదా వెనుక చక్రాల జంటకు గాలి పంచే వాల్వు బ్లాకు. స్కానరుతో గాలి తీయకుండా ఏ అతుకునూ వదులు చేయవద్దు. సంచి మడతల్లో సన్నటి పగుళ్ళు కనిపించి, వాటిలోంచి బుడగలు వస్తేనే స్ట్రట్టు మార్చాలి.

ఇక గాలి నిండకపోవడం. బండి లేవకుండా, మామూలు ఎత్తు మాత్రమే అన్న సందేశం వస్తూ, స్కానరులో సీ1ఏ20 కోడు కనిపిస్తే, గాలి ట్యాంకులో ఒత్తిడి పెరగడం ఆలస్యమవుతున్నదని అర్థం. గాలి నింపే కంప్రెసర్ ఎడమవైపు, వెనుక చక్రానికి ముందు, బండి అడుగున మూత కింద ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా, తలుపులన్నీ మూసి, ఎత్తు పెంచమని స్విచ్చు నొక్కి, బయట నిలబడి వినండి.

అసలు శబ్దమే లేకపోతే: ఫ్యూజు, రిలే (కంప్రెసరుకు కరెంటు వేసి ఆపే చిన్న స్విచ్చు) చూడాలి. రిలే ఇంజన్ గదిలోని ఫ్యూజు పెట్టెలో ఉంటుంది. దాన్ని తీసి, అదే అంకె ఉన్న మంచి రిలేతో మార్చి పరీక్షించండి.

శబ్దం ఉండి, బండి లేవకపోతే: పిస్టన్ రింగు అరిగి ఉండవచ్చు, లేదా గాలిని ఆరబెట్టే గుళికలు పొడిగా మారి దారి మూసి ఉండవచ్చు. గొట్టం విప్పినప్పుడు తెల్లటి పొడి రాలితే అదే కారణం. విశాఖ, కాకినాడ వంటి తడిగాలి ఊళ్ళలో ఈ గుళికలు త్వరగా పాడవుతాయి. రింగు, గుళికలు కలిసిన మరమ్మతు కిట్లు దొరుకుతాయి. కంప్రెసర్ సిలిండరు లోపలి గోడ గీతలు పడకుండా నున్నగా ఉంటేనే కిట్టు పనిచేస్తుంది.

ఇంజన్ ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటే: రిలే లోపలి మొనలు అతుక్కుపోయాయి. వెంటనే రిలే పీకేయండి, లేకపోతే కంప్రెసర్ కాలిపోతుంది.

కొత్త కంప్రెసర్ వేసిన ప్రతిసారీ రిలే కూడా మార్చండి. పాత హిటాచీ కంపెనీ కంప్రెసర్ స్థానంలో ఏఎంకే కంపెనీది వేస్తే సస్పెన్షన్ కంప్యూటరు సాఫ్ట్‌వేరును కూడా మార్పించాలి. గాలి కారడం ఆపకుండా కంప్రెసర్ మారిస్తే, కొత్తది కూడా రోజంతా తిరిగి కొద్దికాలంలోనే అరుగుతుంది. ఈ తప్పుకు రెండుసార్లు డబ్బు కట్టినవాళ్ళు నాకు తెలుసు.

7. హ్యాండ్ బ్రేకు కీచుమంటే

వెనుక డిస్కుల లోపల చిన్న డ్రమ్ములు, వాటిలో డ్రమ్మును ఒరుసుకుని ఆపే షూలు ఉంటాయి. దుమ్ము చేరినా, షూలు వదులైనా స్విచ్చు ఎత్తగానే బండి వెనుక నుంచి ఎవరో రేకు చించినట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని పట్టించుకోకుండా వాడితే మోటారు ఎక్కువ దూరం లాగవలసివచ్చి, ఆ మోటారు ఉన్న ఖరీదైన మాడ్యూలు చెడిపోతుంది. డ్రమ్ము విప్పి శుభ్రం చేసి షూలు సర్దే పనిని, స్కానరుతో బ్రేకును సర్వీసు స్థితికి తేగలిగినవాళ్ళకే అప్పగించండి. పని అయ్యాక షూలు పట్టు తెచ్చుకోవడానికి, ఖాళీ రోడ్డు మీద గంటకు 30 నుంచి 35 కిలోమీటర్ల వేగంలో స్విచ్చు ఎత్తి పట్టి ఆపడం పదిసార్లు చేయాలి. ప్రతి రెండింటి మధ్యా అర కిలోమీటరు నడిపి చల్లారనివ్వాలి.

8. ముందు చక్రాల దగ్గర టక్కుమనే శబ్దం

బ్రేకు వేసినప్పుడు టక్కుమని, టైర్లు లోపలి అంచున అరుగుతుంటే, ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ముల బుష్‌లను (చివర్లలో ఉండే రబ్బరు ముక్కలను) చూడండి. బోల్టులు బుష్ లోపలి ఉక్కు గొట్టంలో తుప్పుతో పట్టేసి ఉంటాయి, కోయవలసి రావచ్చునని ముందే సిద్ధపడండి. చివరి బిగింపు బండి మామూలు ఎత్తులో నిలబడి ఉన్నప్పుడే చేయాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి త్వరలో చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంటు తప్పనిసరి.

9. డీజిల్ ఇంజన్

బలం తగ్గి, నల్లటి పొగ వచ్చి, యాక్సిలరేటరు తొక్కితే బుస్సుమంటుంటే ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే భాగానికి) పోయే రబ్బరు గొట్టాలను వేళ్ళతో చుట్టూ తడమండి. చీలిక కింది వైపున ఉండి కంటికి కనిపించదు గానీ వేలికి నూనె జిడ్డు అంటుతుంది. గొట్టాలు బాగుంటేనే ఈజీఆర్ వాల్వుల (పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజనులోకి పంపేవి) మసి సంగతి చూడండి.

ఈ ఇంజనుకు ముందున్న టైమింగ్ బెల్టుతో పాటు, వెనుక డీజిల్ పంపును తిప్పే మరో బెల్టు ఉంది. రెండో దాన్ని మర్చిపోవడం సర్వసాధారణం. బిల్లులో రెండూ విడివిడిగా రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. తక్కువ కిలోమీటర్లు తిరిగిందని బెల్టు వదిలేయవద్దు, ఏడేళ్ళు దాటితే మార్చవలసిందే. మొదటి ఏళ్ళలో వచ్చిన ఇంజన్లలో ఆయిల్ పంపు కవచం, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు బిగించేచోట పగిలిన సందర్భాలున్నాయి. బెల్టు కోసం ఎలాగూ విప్పుతారు కాబట్టి, అప్పుడే బలపరిచిన కొత్త పంపును వేయించండి. ఈ ఇంజనులో క్రాంకు షాఫ్టు బేరింగులు చెడిపోవడం కూడా ఉంది. దాన్ని ఇంట్లో ముందుగా పసిగట్టే పరీక్ష లేదు. పుస్తకంలో చెప్పిన రకం ఇంజన్ ఆయిలునే వాడి, 10,000 కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ మార్చడం ఒక్కటే మన చేతిలో ఉంది. కింది నుంచి కొత్తగా దడదడ శబ్దం వినిపిస్తే ఇంజన్ వెంటనే ఆపి, బండిని లాగించి తీసుకుపొండి.

బాగైందని ఎలా తేల్చుకోవాలి

ఏ మరమ్మతు తర్వాతైనా కోడ్లన్నీ చెరిపి, మూడు రోజులు మామూలుగా నడిపి, మళ్ళీ పూర్తి స్కాన్ చేయండి. రాత్రికి ముందు, తెల్లవారాక నాలుగు మూలల ఎత్తులూ కొలిచి, పాత అంకెల పక్కనే రాయండి. ఫ్యూజు తీసి చేసిన పరీక్షలో ఒక రాత్రికి 5 మిల్లీమీటర్ల లోపు తేడాను నేను పట్టించుకోను. పొద్దున్న బ్యాటరీ వోల్టేజీ 12.5కు తగ్గకూడదు. కంప్రెసర్, రిలే లాగా కలిపి మార్చాలని పైన చెప్పినవి తప్ప, ఒకేసారి రెండు భాగాలు మార్చవద్దు. మారిస్తే ఏది పని చేసిందో తెలియదు, రెండోది ఊరికే కొన్నట్టవుతుంది. పాత భాగాన్ని అడిగి తెచ్చుకుని, ఆ కోడు నెలరోజులు తిరిగి రాలేదని తేలేవరకు పారేయకండి.